బెల్లం ట్రాలీ లెక్క

మా సారు పోయారని తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఎట్లా పోయారని అడిగాను. భూపాలపల్లిలో కూతురింట్లో, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. "ఏ బస్సుల తల కొట్టుకోలే, ఏ బండి కింద పడలే అక్కా. మంచంల పండుకొనే పోయిండు" అన్నాడు. నేను హమ్మయ్య అనుకున్నాను. చావు కబురు విని హమ్మయ్య అనుకునేదాన్ని ఏమంటారో నాకు తెలియదు గానీ, ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా అదే అనుకుంటారు. కదిలే వస్తువు ఏది కనబడినా ఆయనకు గుండె దడ. అంత భయంతో ఆ మనిషి తొంభై ఏళ్ళ దరిదాపుల దాకా ఎట్లా బతికారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కేసముద్రం హైస్కూల్లో ఆయన మాకు భౌతికశాస్త్రం చెప్పారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు. నడుస్తున్నప్పుడు రెండు చేతులూ కొంచెం ముందుకు చాచి ఉండేవి. ఎవరో పడబోతున్నట్టూ, వాళ్ళను పట్టుకోవడానికి తాను సిద్ధంగా ఉన్నట్టూ. బస్సెక్కితే ముందు సీటు కడ్డీని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పక్కావిడ ఒళ్ళో ఉన్న పిల్లను పట్టుకునేవారు. ఆ తల్లి కోపంగా చూస్తే, "ఏమనుకోకు చెల్లె, డ్రైవర్ ఎప్పుడు ఆపుతడో మనకు ఎర్క లేదు" అనేవారు. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాళ్ళను లోపలికి రమ్మని బతిమాలేవారు. వాళ్ళు వినకపోతే ఆయనే బస్సు దిగిపోయేవారు. మహబూబాబాద్ నుంచి అట్లా ఎన్నిసార్లు నడుచుకుంటూ వచ్చారో ఆయన చెప్పులకే తెలియాలి.

స్టేషన్లో గూడ్సు బండి ఆగకుండా పోతుంటే గోడకు వీపు ఆనించి నిలబడి పెదవులు కదిపేవారు. మా నాయినమ్మ ఒకసారి అది చూసి, ఏదో స్తోత్రం చదువుతున్నాడు పాపం, భక్తిపరుడు అనుకుంది. అది స్తోత్రం కాదని మాకు క్లాసులో తెలిసింది. ఆయన నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నారు. కమియత్ ఎంత, ఇస్రా ఎంత, రెండూ హెచ్చిస్తే కువ్వత్ ఎంత అని గొణుక్కోవడం ఆ రోజుల అలవాటు. మాకు మాత్రం పుస్తకంలో ఉన్నట్టు ద్రవ్యరాశి, త్వరణం, బలం అని చెప్పేవారు. పాఠం తెలుగులోనూ భయం ఉర్దూలోనూ సాగేవి.

ఆ పాఠం వచ్చిన రోజు మా దుకాణం నుంచి రెండు కిలోల తూకపు రాయి తెమ్మనేవారు. దానికి కుట్టు దారం కట్టి బల్ల మీద పెట్టి మెల్లగా లాగేవారు. రాయి బుద్ధిగా వెంట వచ్చేది. మళ్ళీ అదే దారాన్ని ఒక్క విసురున లాగేవారు. రాయి అక్కడే ఉండేది, దారం తెగి చేతిలోకి వచ్చేది.

"రాయి గదే, దారం గదే. మరి ఏం మారింది?"

"తొందర, సార్" అనేవాళ్ళం అందరం కలిసి.

"గా తొందరకే దారం తెగింది. మనిషి గూడ అంతే. బయలెల్లుడు నిదానంగ, ఆగుడు నిదానంగ. జర యాదికి పెట్టుకోర్రి."

మేము ఆయనకు బ్రేకు సారని పేరు పెట్టుకున్నాం. ఆయనకు ఆ సంగతి తెలుసు.

ఈ భయం కేసముద్రంలో మొదలైంది కాదు. అరవై తొమ్మిది ఉద్యమం అప్పుడు ఆయన జనగామలో పనిచేసేవారు. అక్కడ చదువుకున్న మా మేనమామ చెప్పేవాడు. బడులు మూతపడి, పిల్లలు లారీలెక్కి నినాదాలు చేస్తూ ఊరేగేవారట. ఈయన లారీల వెనకాల పరుగెత్తేవారట. ఉద్యమాన్ని ఆపడానికి వచ్చాడని కొందరు చెప్పు కూడా విసిరారట. దగ్గరికి వచ్చాక తెలిసింది, ఆయన చేతులు జోడించి అరుస్తున్నది ఏమిటో. "జై తెలంగాణ అనుర్రి బిడ్డా, నేను గూడ అంట. కూసోని అనుర్రి." లారీ మీద ఎవరూ కూర్చోలేదు. మరునాడు రైలు గేటు దగ్గర డ్రైవర్ గట్టిగా బ్రేకు వేస్తే, ముందు నిలబడిన పిల్లవాడొకడు క్యాబిన్ మీదుగా ఎగిరి పడ్డాడు. వాడు మా సారు క్లాసులో కూర్చున్న పిల్లవాడే. బతకలేదు. ఆ తరువాతే సారు చేతులు ముందుకు చాచి నడవడం మొదలుపెట్టారని మా మామ అనేవాడు.

ఇక నేను చెప్పదలచుకున్నది మేడారం ప్రయాణం సంగతి.

ఎనభైల మొదట్లో, నేను పదో తరగతిలో ఉండగా, తమ్ముడికి విషజ్వరం వచ్చి తగ్గింది. నాయినమ్మ అప్పటికే సమ్మక్క తల్లికి మొక్కేసింది, మనవడు లేస్తే ఇంటిల్లిపాదీ నిలువెత్తు బంగారం ఇస్తామని. బంగారమంటే బెల్లమే. మనిషిని తూకానికి కూర్చోబెట్టి, అంత బరువు బెల్లం తల్లి గద్దె దగ్గర పెడతారు. మాది మార్కెట్ పక్కన, రైతుల సరుకు తూచి అమ్మిపెట్టే అడ్తి దుకాణం. పెద్ద కాంటా మా దగ్గరే ఉంది కనుక జాతర వచ్చిందంటే వాడకట్టంతా మా వాకిట్లో తూగేది. మొక్కులు చెల్లించడానికి పోలేనివాళ్ళు తమ బెల్లం మా ట్రాక్టర్లోనే పంపేవారు. అట్లా ఆ ఏడు ట్రాలీ మీద ఐదు క్వింటాళ్ళ బెల్లం దిమ్మెలు ఎక్కాయి.

హమాలీలు దిమ్మెలను ట్రాలీ వెనక భాగంలో ఛాతీ ఎత్తు పేర్చారు. ముందు గడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసి, అమ్మ, మేము బాపు అని పిలిచే నాన్న, తమ్ముడు, నాయినమ్మ, నేను బెల్లానికి వీపు ఆనించి కూర్చోవాలి. ఎడ్లబండి మీద పోయినప్పుడు అట్లాగే పోయేవాళ్ళం. సామాను వెనక, మనుషులు ముందు. ముందు కుదుపు తక్కువ, దుమ్ము తక్కువ. సామానుకు తాడు కట్టే పని లేదు, ఎద్దులు ఎంత గట్టిగా ఆగినా బస్తా జానెడు కూడా జరగదు. మా వాళ్ళు ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చినా కూర్చునే పద్ధతి మార్చలేదు. మార్చాలని ఎవరికీ తోచలేదు.

తెల్లవారి బయలుదేరబోతుండగా సారు వచ్చారు. పరీక్షలు దగ్గరపడ్డాయి, నేను ఎన్ని రోజులకు తిరిగొస్తానో కనుక్కుందామని వచ్చిన మనిషి, ట్రాలీని చూసి ఆ మాటే మరిచిపోయారు.

"సావుకారు, జర ఆపుర్రి. గిట్లనేనా పోయేది?"

"గిట్లనే సారు. మా తాత కాలం నుంచి గిట్లనే పోయినం" అన్నాడు బాపు.

"తాడేసి కట్టిపియ్యిర్రి."

ఆ మాటకు నాయినమ్మకు కోపం వచ్చింది. "తల్లికి మొక్కిన బంగారానికి తాడేస్తరా కొడుకా? దొంగను కట్టినట్టు కడ్తరా?"

సారు నా వైపు తిరిగారు. ఆయన ముఖం చూస్తే నాకే భయం వేసింది. "బిడ్డా, లెక్క చెప్పు. బెల్లం ఐదు వందల కిలోలు. దిగుట్ల బండి సెకనుకు ఎనిమిది మీటర్లు పోతది. బ్రేకేస్తే ఒక్క సెకన్ల ఆగింది. బలమెంత?"

వాకిట్లో అంతమంది ముందు నిలబెట్టి లెక్క అడిగితే ఎవరికైనా ఎట్లా ఉంటుంది. నోటితోనే చేసి చెప్పాను. "నాలుగు వేలు సార్. న్యూటన్లు."

"గదెంత?" అన్నాడు బాపు.

"మీ తూకంల చెప్పాల్నంటే నాలుగు క్వింటాళ్ళు" అన్నారు సారు.

బాపు తేలిగ్గా ఊపిరి వదిలాడు. "ఐదు క్వింటాళ్ళు ఎత్తితే నాలుగే అంటున్నవ్. తరుగు పోయింది గద సారు. బరువు తగ్గితె మంచిదేనాయె, భయమెందుకు?"

హమాలీలు నవ్వారు. బాపు వేళాకోళానికి అనలేదు. నిజంగానే అట్లా అర్థమైంది ఆయనకు. ఎండకు మిరప ఎండినా, బెల్లం కారినా, దారిలో తగ్గేదాన్ని తరుగు అంటారు. జీవితమంతా తరుగు లెక్కలు వేసిన మనిషికి ఐదు నాలుగైతే ఇంకేం తోస్తుంది?

"అది కిందికి నొక్కే బరువు కాదు సావుకారు. ముందటికొచ్చే బరువు. ఈ ఆడోళ్ళ ఈపు మీదికి, పిలగాని మీదికి వచ్చే బరువు." సారు వెళ్ళి కాంటా పళ్ళెం మీద కూలబడ్డారు. కూర్చున్నా రెండు చేతులూ ముందుకు చాచే ఉన్నాయి.

ఆ చేతులు చూసి నాయినమ్మ మెత్తబడింది. ఆమెకు లెక్క తెలియదు గానీ మనిషి పరేషాన్ తెలుసు. "కొడుకా, లే. తాడొద్దు, ఏమొద్దు. తల్లి బంగారాన్ని ముందట పెడ్తం. తల్లి ముందు నడుస్తది, మనం ఎనుక పోతం. గట్ల పోవుడే ఇంకింత మర్యాద." తరువాత బాపు వైపు తిరిగి, "దింపిపియ్యి" అంది.

బాపు పళ్ళు కొరుక్కున్నాడు. హమాలీలు సణుగుతూనే బెల్లమంతా దింపి, ట్రాలీ ముందరి చెక్క పలకకు ఆనించి మళ్ళీ పేర్చారు. మేము వెనక కూర్చున్నాం.

"సూడు సారు, ఇగ ముందట ఎవరు లేరు. సంబురమేనా?" అన్నాడు బాపు.

సారు చుట్టూ తిరిగి చూసుకున్నారు. "అవు. ముందట ఎవరు లేరు" అన్నారు.

ట్రాక్టర్ సీటు మీద సోమ్లా అప్పటికే ఎక్కి కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. పక్క తండా నుంచి వచ్చి మా దగ్గర డ్రైవరీ చేసేవాడు. పాతికేళ్ళుంటాయేమో. బెల్లం దింపి మళ్ళీ పేర్చేదాకా బీడీ కాల్చుకుంటూ ఓపిగ్గా నిలబడ్డాడు.

బండి కదలబోతుంటే సారుకు కొత్త భయం పుట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు బెల్లం వెనక్కి జారితే? "ఆ సంగతి సోచాయించలే" అని తల పట్టుకుని, చేతిలో సంచీ అయినా లేకుండా తనూ ట్రాలీ ఎక్కారు. ఇంటికి కబురు ఒక హమాలీతో పంపారు. మాకూ బెల్లానికీ మధ్య కూర్చుని, దారి పొడుగునా దిమ్మెల మీద అరచేయి పెట్టే ఉన్నారు. ఎత్తు వచ్చిన చోటల్లా అందర్నీ దింపి నడిపించారు. నర్సంపేట దాటేసరికి నాయినమ్మకు కాళ్ళు పీకాయి. "సారూ, గింత నడిచేదుంటే ట్రాక్టర్ ఎందుకు కడ్తిమి?" అంది. బాపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. మా అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళోంచి దించలేదు. ఆయన భయం మెల్లగా మాకూ అంటుకుంది. ప్రతి మలుపులోనూ నేను సెకనుకు ఎన్ని మీటర్లో ఊహిస్తూ కూర్చున్నాను.

ములుగు దాటాక అడవిలో ఒక దిగుడు ఉంది. దారికి రెండు వైపులా జనం నెత్తిన బుట్టలతో నడుస్తున్నారు. ఒక ముసలమ్మ ఉన్నట్టుండి ఈ వైపు నుంచి ఆ వైపుకు దాటింది. సోమ్లా బ్రేకు మీద నిలబడ్డాడు.

మేమంతా ఒకరి మీద ఒకరం పడ్డాం. అమ్మ మోచేయి గీసుకుంది. తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు. బెల్లం మా నుంచి దూరంగా, ముందుకు పోయింది. పెద్ద చప్పుడైంది. సారు లేచి, మమ్మల్ని ఒక్కొక్కరినీ తాకి చూసుకున్నారు. "అందరం ఉన్నం. అందరం ఉన్నం" అన్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. బాపు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "తల్లి కాపాడింది సారు. నీ మాటిన్నం, బతికినం."

అప్పుడు రోడ్డు మీది నుంచి ఎవరో కేకేశారు.

ముందరి పలక విరిగిపోయింది. పైవరస దిమ్మెలు పలక దాటి ట్రాక్టర్ సీటు మీద పడ్డాయి. సోమ్లా స్టీరింగు మీద వాలిపోయి ఉన్నాడు. వీపంతా బెల్లం పొడి, దాని కింద నెత్తురు. దారిన పోయేవాళ్ళు కింద పడ్డ బెల్లం ముక్కలు ఏరి కళ్ళకద్దుకుంటున్నారు.

నాయినమ్మ కూడా బాపు మాటే అంది, తల్లి కాపాడిందని. సారు సోమ్లా తలను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నారు. "మరి ఈన్ని?" అని అడిగారు. ఎవరినీ ప్రత్యేకంగా అడగలేదు.

సోమ్లా బతికాడు. ఆ మాట ముందే చెప్పాల్సింది, కానీ ఆ వారమంతా మాకూ తెలియలేదు. భుజం ఎముక నుగ్గయింది, పక్కటెముకలు విరిగాయి. దారిన పోయే జీపులో సారే తీసుకుపోయి వరంగల్ దవాఖానలో వేశారు. మిగిలిన బెల్లంతో ఇంకో బండిలో పోయి, మొక్కు చెల్లించి జాతర నుంచి వచ్చాక బాపుతో కలిసి నేనూ చూడబోయాను. మేము పోయేసరికి సారు అక్కడే ఉన్నారు. ఆ రోజు నుంచీ అక్కడే ఉన్నారట. మాసిన గడ్డం, అదే చొక్కా. మంచం అవతలి వైపు సోమ్లా తల్లి కింద కూర్చుని, వాళ్ళ భాషలో కొడుకుతో ఏదో మెల్లగా మాట్లాడుతోంది.

మమ్మల్ని చూసి సోమ్లా లేవబోయాడు. బాపు వారించాడు. వాడికి మా కంటే సారు దగ్గరే చనువు ఏర్పడినట్టుంది. ఆయన్ని చూస్తూ అన్నాడు. "నేనే జర నిదానంగ బ్రేకేసేదుండె సారు. నాదే తప్పు."

దారం తెంపి చూపించి, ఆగుడు నిదానంగ అని మాకు ఏళ్ళ తరబడి చెప్పిన మనిషి ఆయన. వెంటనే తల అడ్డంగా ఊపారు. "నిదానంగేస్తే ఆ ముసలవ్వ ఉండకపోవు. నువ్వు మంచిగ ఆపినవ్ బిడ్డా. తప్పు లెక్కల ఉన్నది. సావుకారు ముందట ఎవరు లేరంటే నేను గూడ ఎవరు లేరన్న. నువ్వు నా కండ్ల ముందటనే కూసున్నవ్. నా లెక్కల నువ్వు లేవు."

సోమ్లాకు ఆ మాట అర్థమైందో లేదో. "పోనీ సారు" అన్నాడు. బాపు తల దించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో రోజూ కనబడే మనిషిని అంతమందిమి కలిసి లెక్కలోంచి జారవిడిచాం. కాంటా మీద మా ఇంటిల్లిపాదినీ తూచాం గానీ, ఆ ట్రాక్టర్ మీద వచ్చే ఆరో మనిషి బరువెంతో ఎవరమూ అడగలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

సోమ్లా చేయి మళ్ళీ భుజం పైకి లేవలేదు, స్టీరింగు పట్టలేదు. బాపు వాడిని దుకాణంలో కాంటా దగ్గర పెట్టుకున్నాడు. అది వేరే కథ.

సారు బడికి తిరిగి వచ్చిన రోజు బోర్డు మీద అదే లెక్క రాశారు. ఐదు వందల కిలోలు, ఎనిమిది మీటర్లు, ఒక సెకను. ఊరంతా తెలిసిన లెక్క కనుక క్లాసులో అందరూ క్షణంలో చేసేశారు. ఆయన వరసల మధ్య తిరిగి చూశారు. ఎవరి పుస్తకంలోనూ తప్పు లేదు. అయినా ఎవరికీ టిక్కు పెట్టలేదు.

"న్యూటన్లు రాసినంక పెన్ను కింద పెట్టకుర్రి. దాని కింద ఎవరి మీద అని రాయిర్రి."

"పుస్తకంల గట్ల లేదు సార్" అన్నాడు ఒకడు.

"లేదు. ఎరుకే. అయినా రాయిర్రి. రాసెటందుకు ముందటికి, ఎనుకకు సూస్తరు గదా. గందుకే."

ఆ తరువాత పరీక్ష దాకా బలం లెక్క వచ్చిన ప్రతిసారీ మేము అట్లాగే రాశాం. గోడ మీద, ఎద్దు మెడ మీద, బావి గిరక మీద, నా మీద. మొదట్లో నవ్వులాటగానే రాశాం. మెల్లగా చెయ్యి దానంతట అదే ఆగి, ఎవరున్నారా అని చూడడం అలవాటైంది.

పబ్లిక్ పరీక్ష మహబూబాబాద్‌లో రాశాను. భౌతికశాస్త్రం పేపర్లో ఆ ప్రశ్న రానే వచ్చింది. ఐదు కిలోల ద్రవ్యరాశి గల ఒక వస్తువు త్వరణం సెకను వర్గానికి రెండు మీటర్లు, దాని మీద పనిచేసే బలమెంత అని. పది న్యూటన్లు అని రాసి గీత గీశాను. పెన్ను కింద పెట్టబుద్ధి కాలేదు. గంట కొట్టేలోగా గీత కింద ఇంకో వాక్యం రాశాను. ఈ వస్తువుకు ముందు ఎవరున్నారో ప్రశ్నలో ఇవ్వలేదు.